జాంబోరీ ఆఖరి రోజు



1937 ఆగస్టు 9న హాలెండులోని వోగెలెన్‌జాంగ్ అనే ఊళ్లో ఒక పెద్దాయన పాతిక వేలకు పైగా పిల్లల ముందు నిలబడి సెలవు తీసుకున్నాడు. ఆయన రాబర్ట్ బేడెన్ పవెల్, స్కౌట్ ఉద్యమానికి మూలపురుషుడు. అప్పటికి ఎనభై నిండి ఎనభై ఒకటో ఏడు నడుస్తోంది. ఎన్నెన్నో దేశాల నుంచి వచ్చి, ఒకే మైదానంలో డేరాలు వేసుకుని, కలిసి వండుకుని తిని, ఇక ఇళ్లకు బయలుదేరుతున్న ఆ పిల్లలకు ఆయన చెప్పిన సంగతుల్లో ఒకటి ఇది: మనలో చాలామందిమి ఈ లోకంలో మళ్లీ కలుసుకోబోం.

సంబరం ముగిసే వేళ పిల్లలతో అనడానికి ఎంత కష్టమైన మాటో చూడండి. అలాంటి చోట మనమైతే ఏమంటాం? భూమి గుండ్రంగా ఉంది, ఎప్పుడో ఒకప్పుడు కలుస్తాంలే అని సర్దిచెబుతాం. ఆయన అలా సర్దిచెప్పలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పి, ఆ వెంటనే వాళ్లకొక పని అప్పగించాడు. ఈ జాంబోరీ బ్యాడ్జిని భద్రంగా దాచుకోండి, దాన్ని చూసినప్పుడల్లా మీరు స్నేహంగా చెయ్యి చాచిన మిత్రులు గుర్తుకు రావాలి, మనుషుల మధ్య శాంతి కోసం మీరు చేయగలిగింది చేయాలి అన్నాడు. నాలుగేళ్లు తిరక్కముందే, 1941 జనవరి 8న, కెన్యాలోని న్యేరిలో ఆయన కన్నుమూశాడు. ఆ రోజు ఆ మైదానంలో ఆయన్ని చూసిన పిల్లల్లో అత్యధికులకు అదే ఆఖరి చూపు.

ఇవాళ నేను మాట్లాడదలుచుకున్నది అలాంటి ఆఖరి రోజు గురించే. హైస్కూల్లో పాఠాలు చెబుతూ చాలా ఏళ్లు స్కౌట్ ట్రూపు నడిపినవాణ్ణి కాబట్టి నాకు బాగా తెలిసిన ఉదాహరణ జాంబోరీ. కానీ యువజనోత్సవం కావచ్చు, విద్యార్థుల మార్పిడి శిబిరం కావచ్చు, దేశదేశాల పిల్లలు కలిసే చోటు ఏదైనా కావచ్చు. అక్కడ ఆఖరి రోజున వాళ్లు పడే బాధను పెద్దవాళ్లం తేలిగ్గా తీసిపారేస్తున్నామని నాకు చాలాకాలంగా అనిపిస్తోంది.

ముందు జాంబోరీ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. దేశదేశాల స్కౌట్లు ఒకచోట డేరాలు వేసుకుని గడిపే పెద్ద శిబిరం అది. మొదటి ప్రపంచ జాంబోరీ 1920లో లండన్‌లో ఒలింపియా అనే పెద్ద హాల్లో జరిగింది. 34 దేశాల నుంచి 8 వేల మంది స్కౌట్లు వచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి రెండేళ్లయినా కాలేదు. ఆ యుద్ధంలో అన్నల్నీ తండ్రుల్నీ పోగొట్టుకున్న పిల్లలు అక్కడ చాలామంది ఉండి ఉంటారు. ఆ తర్వాత అది నాలుగేళ్లకొకసారి జరిగే ఆనవాయితీ అయింది. ఇప్పుడు వెళ్లేది 14 నుంచి 17 ఏళ్ల పిల్లలు. 36 మంది పిల్లలకు నలుగురు పెద్దలు, అది ఒక యూనిట్టు. ఒక దేశం యూనిట్టు పక్కన ఇంకో దేశం యూనిట్టు డేరాలు వేస్తుంది. అలా కొన్ని వేల డేరాలతో ఊళ్లకు ఊళ్లే వెలుస్తాయి.

పది పన్నెండు రోజుల్లో అంత గాఢమైన స్నేహాలు ఎలా కుదురుతాయని చాలామంది అడుగుతారు. ఆ రోజులు మనకు తెలిసిన రోజుల్లాంటివి కావు. పొద్దున లేచి నీళ్లు మోసుకురావాలి, స్టవ్ వెలిగించాలి, గాలికి ఊగిపోయే డేరా తాళ్లు బిగించాలి. వాన పడితే సామాను తడవకుండా కాపాడుకోవాలి. ఇవన్నీ ఒక్కడి చేతనయ్యే పనులు కావు. పక్క డేరావాడు వచ్చి మేకు పట్టుకుంటే తప్ప నీ సుత్తిదెబ్బ సరిగా పడదు. వాడి భాష నీకు రాదు, నీది వాడికి రాదు. ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా మేకు దిగిందా లేదా అన్నది ఇద్దరికీ తెలుస్తుంది. బడిలో ఒకే బెంచీ మీద ఏడాదంతా కూర్చున్నా కలగని చనువు అక్కడ మూడు రోజుల్లో కలుగుతుంది. పైగా అక్కడ నీ మార్కులెన్నో, మీ నాన్న ఏం చేస్తాడో, మీదే కులమో ఎవరికీ తెలియదు. ఎవరూ అడగరు. మన పిల్లల్లో కొందరికి జీవితంలో అలాంటి అనుభవం అదే మొదటిసారి. ఆ పది రోజులూ వాళ్లు ఉత్త పేరుతో, తమ గుణంతో మాత్రమే పరిచయమవుతారు. అలాంటి చోటును వదిలి రావడం కష్టంగా ఉండక ఎలా ఉంటుంది?

ఆఖరి రెండు రోజుల్లో శిబిరం తీరే మారిపోతుంది. మొదటి వారమంతా దాచుకున్న బ్యాడ్జీలు సంచుల్లోంచి బయటికొస్తాయి. దుప్పటి పరిచి వాటిని వరసగా పేరుస్తారు. ఇచ్చిపుచ్చుకోవడం మొదలవుతుంది. నీది నాకు, నాది నీకు. డబ్బు ప్రసక్తి ఉండదు. మొదట బ్యాడ్జీలు, తర్వాత టోపీలు, చివరికి మెడలోని స్కార్ఫులు. స్కౌటుకు స్కార్ఫు చాలా విలువైన వస్తువు. దీక్ష తీసుకున్న రోజున మెడలో వేసేది అదే. దాన్ని తీసి ఇంకొకరి మెడలో వేశారంటే వాళ్లిద్దరి మధ్య ఏదో గట్టిగా ముడిపడిందని అర్థం.

తర్వాత డేరాలు విప్పుతారు. మేకులు ఊడబీకి, మట్టి దులిపి, లెక్కపెట్టి మూట కడతారు. డేరాలున్నంత మేరా గడ్డి ఎండ సోకక పాలిపోయి పసుపురంగు చతురస్రాలుగా కనిపిస్తుంది. మైదానం నిండా ఎటు చూసినా అవే. ఇక్కడ బ్రెజిల్‌వాళ్లు ఉండేవాళ్లు, అక్కడ నార్వేవాళ్లు, ఆ మూల మనవాళ్లు అని వేలుపెట్టి చూపించుకుంటారు. నాలుగు రోజులు పోతే ఆ గడ్డి మళ్లీ పచ్చబడిపోతుంది.

బయలుదేరేముందు స్కౌట్లు ఒకరికొకరు ఎడమ చెయ్యి కలుపుతారు. మన ఇళ్లలో ఎడం చేత్తో ఏమిచ్చినా పెద్దలు కసురుకుంటారు కదా. మా ట్రూపులో చేరిన ప్రతి పిల్లవాడూ మొదటిరోజు ఈ కరచాలనం దగ్గరే తడబడేవాడు. దీని వెనక ఒక కథ చెబుతారు. పశ్చిమాఫ్రికాలోని అశాంతి యోధులు ఎడమచేత్తో డాలు పట్టుకునేవారట. ఎదుటివాడిని నమ్మి ఆ డాలు కింద పెట్టినవాడే ఎడమచెయ్యి చాచగలడు. అందుకే వీరులు మాత్రమే ఎడమ చెయ్యి కలుపుతారని వాళ్ల నాయకుడొకరు బేడెన్ పవెల్‌తో అన్నాడట. కథలో నిజమెంతో గానీ, డాలు కింద పెట్టి చెయ్యి చాచడమన్న ఊహ నాకెంతో ఇష్టం.

అందరూ వలయంగా నిలబడి, చేతులు అడ్డంగా పెనవేసుకుని పాడే వీడ్కోలు పాట ఒకటుంది. మూలం స్కాట్లాండుది. ఆ బాణీకి ఫ్రెంచి స్కౌట్లకు వాళ్ల మాటలు వాళ్లకున్నాయి. జాక్ సెవాన్ అనే జెసూట్ ఫాదర్ 1920లో రాసిపెట్టాడు. జపాన్ పిల్లలకు అది బడి చదువు ముగిసే రోజున పాడే పాట. బెంగాలీ పిల్లలకైతే అది రవీంద్రుడి పాట. ఆయన కూడా ఆ బాణీ మీదే తన పాట కట్టాడు. అంచేత ఆఖరి రాత్రి ఆ రాగం మొదలవగానే ప్రతివాడూ తన భాషలోనే అందుకుంటాడు. మాటలు ఒకదానిమీద ఒకటి పడి కలగాపులగమైపోతాయి, రాగం మాత్రం ఒక్కటే సాగిపోతుంది. అలా పాడుతూ గొంతు పూడుకుపోని పిల్లల్ని నేను చూడలేదు.

వీడ్కోలును ఇంత పెద్ద తంతుగా ఎందుకు చేయాలి? మన పెళ్లిళ్లలో అప్పగింతలు ఎందుకున్నాయి? పిల్ల ఎలాగూ వెళ్లిపోతుంది. బండెక్కించి పంపేస్తే సరిపోదూ? సరిపోదని మన పూర్వులకు తెలుసు. విడిపోయే క్షణానికి ఒక రూపం కావాలి, ఏడవడానికి ఒక వేళ కావాలి, చేతిలో చెయ్యి పెట్టి బాధ్యత అప్పగించే మనిషి కావాలి. జాంబోరీలు నడిపినవాళ్లు కూడా ఈ సంగతి తొలినుంచీ గ్రహించారు.

1929లో ఇంగ్లండులోని లివర్‌పూల్ దగ్గర, బిర్కెన్‌హెడ్ అనే ఊరి పక్కన యారో పార్కులో మూడో ప్రపంచ జాంబోరీ జరిగింది. సుమారు 50 వేల మంది స్కౌట్లు. ఎడతెరిపి లేని వానలు. మైదానమంతా మోకాటి బురద. ఆగస్టు 12న, ఆఖరి రోజున, ఆ వేలమందినీ ఒక పెద్ద చక్రం ఆకారంలో నిలబెట్టారు. మధ్యలో కుంభం దగ్గర బేడెన్ పవెల్, చుట్టూ ఆకుల్లాగా ఒక్కో దేశం పిల్లల వరస. ఆయన ఒక గొడ్డలి తీసుకుని, ఇది యుద్ధానికీ శత్రుత్వానికీ గుర్తు, దీన్నిక్కడే పాతిపెడుతున్నానంటూ బాణాలు నిండిన పీపాలోకి దాన్ని దింపేశాడు. తర్వాత ఆ పీపాలోంచి బంగారు పూత పూసిన చెక్క బాణాలు తీసి వరసలకు అందించాడు. ఒక్కో బాణం చేతులు మారుతూ మారుతూ వరస చివరిదాకా వెళ్లింది. మీరే నా రాయబారులు, ఈ స్నేహ సందేశాన్ని భూమి నలుమూలలకూ మోసుకువెళ్లండి అన్నది ఆయన మాటల సారాంశం.

ఒక్కసారి ఆ వరసలో నిలబడ్డ పద్నాలుగేళ్ల కుర్రాడిని ఊహించుకోండి. పది రోజులుగా బూట్లు ఆరింది లేదు. రేపు ఓడెక్కాలి. పక్కవాడు అందించిన బాణం చేతిలోకొచ్చింది. దాన్ని ఒక క్షణం పట్టుకుని అవతలివాడికి అందించాలి. వాడి దుఃఖానికి అప్పుడొక పని దొరికింది. అక్కడ పెద్దలు ఏడవొద్దని అదిలించలేదు, దుఃఖంతో పాటు తీసుకెళ్లమని ఒక వస్తువు చేతికిచ్చారు.

మరి మన ఇళ్లలో ఏమవుతుంది? 2015లో జపాన్‌లోని యమగుచి రాష్ట్రంలో, కిరరహమ అనే చోట ప్రపంచ జాంబోరీ జరిగింది. హిరోషిమా మీద అణుబాంబు పడి ఆ ఏటికి 70 ఏళ్లు. శిబిరంలోని పిల్లల్ని జట్లు జట్లుగా హిరోషిమా శాంతి స్మారకానికి తీసుకెళ్లి చూపించారు. మాకు తెలిసిన ఒక కుటుంబంలోని పిల్లవాడు ఆ జాంబోరీకి వెళ్లొచ్చాడు. వచ్చిన మర్నాడు వాళ్లింటికి వెళ్లాను. వాడి యూనిఫాం చొక్కా దండెం మీద ఆరేసి ఉంది. చేతిమీద ఉండాల్సిన బ్యాడ్జీల్లో ఒక్కటీ లేదు. కుట్టు విప్పిన చోట దారప్పోగులు మాత్రం వేలాడుతున్నాయి. గుడ్డ మీద బ్యాడ్జీ ఉన్నంత మేర రంగు వెలవకుండా కొత్తగా కనబడుతోంది. వాడి మెడలో మాత్రం ఎవరిదో ఎర్ర స్కార్ఫు, దానినిండా రకరకాల లిపుల్లో సంతకాలు. వాడు దాన్ని తీయనంటాడు, అన్నం సరిగా తిననంటాడు. వాళ్ల నాన్న మంచి మనిషి, పిల్లవాడంటే ప్రాణం. "పది రోజుల పరిచయానికి ఇంత బెంగేమిటి మాస్టారూ, మీరైనా చెప్పండి" అన్నాడు.

నేను వాడి పక్కన కూర్చుని ఆ స్కార్ఫు మీది పేర్లు ఒక్కొక్కటే చదవమన్నాను. ఇదెవరిది, ఇదెవరిది అని అడిగాను. చదువుతూ చదువుతూ వాడికి మాట వచ్చింది. ఒక పేరు దగ్గర ఆగి, వీడు రోజూ మా స్టవ్ దగ్గరికొచ్చి పప్పు అడిగి పోయించుకునేవాడు, వాళ్లకిచ్చిన చప్పటి కూడు వాడు తినలేకపోయేవాడు అన్నాడు. ఇంకో పేరు దగ్గర, ఇతను హిరోషిమాలో నా పక్కనే నిలబడ్డాడు, వాళ్ల తాతది ఆ ఊరే అన్నాడు. అంతవరకు వింటూ నిలబడ్డ వాళ్ల నాన్న మెల్లగా వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. ఆ పూట వాళ్లిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారని తర్వాత తెలిసింది.

తల్లిదండ్రులారా, ఈ బెంగ జబ్బేమీ కాదు. కొన్నాళ్లకు దానంతటదే నెమ్మదిస్తుంది. కానీ ఆ కొన్నాళ్లూ ఇంట్లో వినేవాళ్లుండాలి. "ఇక చదువు మీద దృష్టి పెట్టు" అనడానికి ఒక వారం ఆగవచ్చు. ఇది విదేశాలకు వెళ్లొచ్చిన పిల్లల సంగతే కాదు. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ మొదటి జాతీయ జాంబోరీ 1953 చివర్లో మన హైదరాబాద్‌లోనే జరిగింది. అప్పట్నుంచి జరుగుతున్న జాతీయ జాంబోరీలన్నిటా ఇదే దృశ్యం. ఏ ఖమ్మం పిల్లో ఏ మిజోరం పిల్లో స్టేషన్లో రైలు కిటికీ చువ్వల్లోంచి చేతులు పట్టుకుని వదలకపోవడం నేనెరుగుదును. దేశం ఒకటే అయినా వాళ్లు మళ్లీ కలుస్తారన్న నమ్మకం లేదు.

కొన్ని వీడ్కోళ్లను చరిత్రే మరింత బరువెక్కించింది. 1939 జులై చివర హంగరీలోని గొడొల్లో అనే చోట గైడ్ల, అంటే అమ్మాయి స్కౌట్ల, తొలి ప్రపంచ శిబిరం జరిగింది. దాని పేరు పాక్స్ టింగ్, అంటే శాంతి సభ. ఆరు వేలకు దగ్గరగా అమ్మాయిలు వచ్చారు. శిబిరం ఆగస్టు 7న ముగిసింది. సెప్టెంబరు 1న జర్మనీ పోలండు మీద దాడి చేసింది. మధ్యలో మూడున్నర వారాలు. అక్కడ చేతులు పట్టుకుని పాటలు పాడి, చిరునామాలు రాసుకుని వెళ్లిన పోలండు అమ్మాయిలు ఇల్లు చేరి సామాను సర్దుకునేసరికి వాళ్ల ఊళ్ల మీద బాంబులు పడుతున్నాయి. ఉత్తరాలు ఆగిపోయాయి. చిరునామాలు రాసుకున్న ఇళ్లే చాలాచోట్ల మిగల్లేదు.

అయితే ఆ స్నేహాలు వృథా పోయాయా అంటే నేను ఒప్పుకోను. యుద్ధం ముగుస్తుండగానే, గైడ్ ఇంటర్నేషనల్ సర్వీస్ అనే పేరుతో బ్రిటన్ గైడ్లు సహాయక బృందాలుగా శిక్షణ పొంది హాలెండుకూ జర్మనీకీ వెళ్లారు. బెర్గెన్ బెల్సెన్ నిర్బంధ శిబిరంలో బతికి బయటపడ్డవాళ్లకు సేవ చేసిన తొలి పౌర బృందాల్లో వాళ్లూ ఉన్నారు. ఎక్కడో దూరదేశంలో ఎవరో అవస్థ పడుతున్నారని అనుకోవడం వేరు. నాతో పాటు డేరాలో పడుకున్న పిల్ల ఇప్పుడెలా ఉందో అనుకోవడం వేరు. రెండోది మనిషిని ఇంట్లో కూర్చోనివ్వదు. 2022లో ఉక్రెయిన్ నుంచి లక్షలమంది శరణార్థులు సరిహద్దు దాటి వస్తుంటే పోలండు స్కౌట్లు స్టేషన్లలో టీ కాచి ఇస్తూ, దారి చూపిస్తూ, సామాను మోస్తూ కనిపించారు.

మనకు సంబంధించిన ఇంకో సంగతి. యుద్ధం తర్వాత తొలి జాంబోరీ 1947 ఆగస్టులో ఫ్రాన్సులోని మువాసోంలో జరిగింది. శాంతి జాంబోరీ అని పేరు పెట్టారు. అవిభక్త భారతదేశం నుంచి వెళ్లిన స్కౌట్లు అక్కడే ఉండగా ఆగస్టు 14, 15 తేదీలు వచ్చాయి. వచ్చినప్పుడు వాళ్లది ఒకే బృందం, ఒకే దేశం. తిరిగి వెళ్లేది రెండు దేశాలకు. పాకిస్తాన్‌లో ఇప్పటికీ ఒక కథ చెప్పుకుంటారు. ముస్లిం స్కౌట్లు తమ కొత్త జెండా కుట్టుకోవాలనుకుంటే, పచ్చగుడ్డ ఒక హిందూ కుర్రాడి తలపాగాలోంచి వచ్చిందట, తెల్లగుడ్డ ఒక ముస్లిం కుర్రాడి చొక్కాలోంచి వచ్చిందట, ఫ్రెంచి గైడ్లు కూర్చుని కుట్టిపెట్టారట. అదే నెలలో పంజాబులో ఏం జరుగుతోందో మనందరికీ తెలుసు. అక్కడ సీన్ నది ఒడ్డున మాత్రం ఒకడు తన తలపాగా విప్పి పక్కవాడి జెండాకు ఇచ్చాడట. ఆ ఇద్దరూ ఆఖరి రోజున ఏం మాట్లాడుకుని ఉంటారో అని నేను ఎన్నోసార్లు ఆలోచించాను. ఇన్నాళ్లూ పక్క ఊరివాళ్లు. ఇక మీదట కలవాలంటే సరిహద్దు దాటాలి.

ఇటీవలి సంగతికి వద్దాం. 2023 ఆగస్టులో దక్షిణ కొరియాలోని సేమన్‌గమ్‌లో జాంబోరీ మొదలైంది. సముద్రాన్ని పూడ్చి తీసిన నేల అది. చెట్టూ నీడా లేని చోటు. 150కి పైగా దేశాల నుంచి 43 వేల దాకా వచ్చారు. ఎండకు పిల్లలు వందల సంఖ్యలో సొమ్మసిల్లారు. బ్రిటన్, అమెరికా, సింగపూర్ బృందాలు మధ్యలోనే శిబిరం వదిలి వెళ్లిపోయాయి. అంతలో ఖానున్ తుఫాను ఆ దిక్కుకే వస్తోందని తెలిసి ఆగస్టు 8న మిగతావాళ్లందర్నీ వెయ్యికి పైగా బస్సుల్లో ఎక్కించి దేశమంతటా సర్దారు. ఒక దేశంవాళ్లు ఏదో విశ్వవిద్యాలయం హాస్టల్లో, ఇంకో దేశంవాళ్లు ఏదో కంపెనీ శిక్షణ కేంద్రంలో, కొందరు బౌద్ధ ఆలయాల్లో. ఆగస్టు 11న సియోల్‌లో ప్రపంచకప్ స్టేడియంలో పెద్ద సంగీత కార్యక్రమంతో ముగింపు జరిపారు.

ఆ ఏర్పాట్లలో లోపాల గురించి పత్రికలు చాలా రాశాయి. నా మనసు మాత్రం ఒకచోటే చిక్కుకుంది. ఉన్నట్టుండి బస్సెక్కమన్నప్పుడు, పక్క డేరా మిత్రుడు ఏ బస్సులో ఏ ఊరికి వెళ్తున్నాడో తెలియనప్పుడు, స్కార్ఫు ఎవరి మెడలో వేయాలి? ఎడమచెయ్యి ఎవరికి చాచాలి? పిల్లలకు ఎండ వల్ల కలిగిన కష్టం కొంతకాలానికి మరుపున పడుతుంది. చెప్పాల్సిన వీడ్కోలు చెప్పకుండా వచ్చేసిన బాధ అంత తొందరగా పోదు. కరోనా రోజుల్లో ఫేర్‌వెల్ పార్టీ లేకుండా, ఆటోగ్రాఫ్ పుస్తకాలు నింపుకోకుండా పదో తరగతి ముగిసిపోయిన పిల్లల్ని అడగండి. ఆ లోటు ఏమిటో వాళ్లకు తెలుసు.

ఇప్పుడు ఫోన్లున్నాయి కదా అంటారు. ఉన్నాయి, మంచిదే. ఆఖరి రోజు సాయంత్రానికే వాట్సాప్ గ్రూపు తయారవుతుంది. మొదటి వారం రాత్రింబవళ్లు మోగుతుంది. రెండో నెలకు పండగ శుభాకాంక్షలు మిగులుతాయి. ఆరో నెలకు నిశ్శబ్దం. పిల్లలు దీనికి కూడా నొచ్చుకుంటారు, మేం పనికిరాని స్నేహితులమా అనుకుంటారు. వాళ్లకు నేను చెప్పేది ఒకటే. నలభై మందితో స్నేహం నిలబెట్టుకోవడం ఎవరివల్లా కాదు. ఆ నలభైలో ఒకళ్లనో ఇద్దర్నో ఎంచుకో. గ్రూపులో కాకుండా విడిగా, వాళ్ల పేరు పెట్టి రాయి. కుదిరితే కాగితం మీద రాసి పోస్టులో వెయ్యి. నీ బస్సెక్కే చోటు గురించి రాయి, మీ చెల్లి అల్లరి గురించి రాయి, పరీక్షలెలా రాశావో రాయి. మూడు నెలలకొకటి రాసినా చాలు. మిగతా ముప్పై ఎనిమిది మందీ నీ మనసులో ఉంటారు. వాళ్ల దేశం పేరు వార్తల్లో వినబడినప్పుడల్లా నీ చెవి అటు తిరుగుతుంది. అదే చాలా పెద్ద సంగతి.

వీడ్కోలు బాధకు జవాబుగా పుట్టిన ఒక గొప్ప ఏర్పాటు గురించి ఇలాంటి రేడియో ప్రసంగంలోనే చెప్పుకోవాలి. 1957లో ఇంగ్లండులోని సటన్ పార్కులో, బేడెన్ పవెల్ పుట్టి వందేళ్లు, స్కౌట్ ఉద్యమం మొదలై యాభై ఏళ్లు నిండిన సందర్భంగా జాంబోరీ జరిగింది. ఆ శిబిరంలో హామ్ రేడియో, అంటే ఔత్సాహికులు సొంతంగా నడుపుకునే రేడియో, తెలిసిన స్కౌట్లు కొందరు ఒకరికొకరు పరిచయమయ్యారు. విడిపోయే వేళ వాళ్లకు తోచింది ఒకటే. మళ్లీ జాంబోరీ దాకా ఎందుకు ఆగాలి, మన దగ్గర రేడియోలున్నాయి కదా, ఒక రోజనుకుని గాలిలోనే కలుసుకుందాం. లెస్లీ మిచెల్ అనే హామ్ ఆ ఆలోచనను పట్టుకుని 1958 మే నెలలో మొదటి సమావేశాన్ని నడిపించాడు. దానికే జాంబోరీ ఆన్ ది ఎయిర్ అని పేరు. ఇప్పుడు ఏటా అక్టోబరు మూడో వారాంతంలో ప్రపంచమంతటా జరుగుతోంది. తర్వాత ఇంటర్నెట్టూ దానికి తోడయింది.

హామ్ రేడియో మీద మాట్లాడటం ఫోన్ మాట్లాడినట్టు ఉండదు. ముందు నీ కాల్‌సైన్ చెప్పాలి. మన దేశంవి చాలావరకు వి.యు.తో మొదలవుతాయి. చెవి రిక్కించి వినాలి. గరగర శబ్దాల్లోంచి ఒక గొంతు తేలుతుంది, మళ్లీ మునుగుతుంది. అవతల జపానో, రష్యానో, ఆస్ట్రేలియానో. పేరు, ఊరు, వయసు, అక్కడ వాన పడుతోందా లేదా. రెండు నిమిషాల్లో అయిపోయే సంభాషణ. ముగించేటప్పుడు హామ్‌లు 73 అంటారు. తంతి రోజులనుంచీ అది శుభాకాంక్షలకు సంకేతం. కొన్ని వారాల తర్వాత ఇద్దరూ మాట్లాడుకున్నట్టు ధ్రువీకరిస్తూ పోస్టులో ఒక కార్డు వస్తుంది, దాన్ని క్యూఎస్‌ఎల్ కార్డు అంటారు. అలాంటి కార్డును పుస్తకంలో పెట్టుకుని ఊరంతా చూపించిన పిల్లలు నాకు తెలుసు. మనవాళ్లకు ఇదేమీ అందని పని కాదు. హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. 12 ఏళ్లు నిండినవాళ్లు కేంద్ర ప్రభుత్వం నిర్వహించే పరీక్ష రాసి లైసెన్సు తీసుకోవచ్చు. సైన్సు మాస్టార్లు ఒకరిద్దరు పూనుకుంటే జిల్లాకొక స్టేషన్ పెట్టొచ్చు. జాంబోరీకి వెళ్లే స్తోమత లేని పిల్లలకు కూడా, అక్టోబరులో రెండు రోజులు ప్రపంచంతో మాట్లాడే వీలు దొరుకుతుంది. ఇందులో ఖర్చు కన్నా శ్రద్ధే ఎక్కువ కావాలి. ప్రపంచ జాంబోరీ ఖర్చు లక్షల్లో ఉంటుంది, పల్లెటూరి పిల్లలు అంత పెట్టుకోలేరు. అందుకే ఈ రేడియో దారి మీద నాకింత ఆశ.

తర్వాతి ప్రపంచ జాంబోరీ 2027లో జులై 30 నుంచి ఆగస్టు 8 దాకా పోలండులోని గ్దాన్‌స్క్ నగరంలో, సోబియెషెవో అనే దీవి మీద జరుగుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో మొదటి ఫిరంగి గుండ్లు పేలింది ఆ నగరం రేవు దగ్గరే, 1939 సెప్టెంబరు 1 తెల్లవారుజామున. పాక్స్ టింగ్ నుంచి వచ్చిన అమ్మాయిల ఇళ్లు తగలబడ్డ దేశంలో, ఇప్పుడు వాళ్ల మునిమనవరాళ్లు ప్రపంచానికి ఆతిథ్యమిస్తున్నారు.

మన రెండు తెలుగు రాష్ట్రాల నుంచి కూడా పిల్లలు వెళ్తారని ఆశిస్తున్నాను. వెళ్లే పిల్లలకు సామాను సర్దే తల్లులకు ఒక చిన్న మాట. అదనంగా రెండు స్కార్ఫులు పెట్టండి, ఒక గట్టి అట్ట నోటుపుస్తకం, రెండు మంచి పెన్నులు పెట్టండి. ఇంటి చిరునామా ఇంగ్లీషులో పిన్‌కోడుతో సహా రాసిన చీటీలు ఒక కట్ట పెట్టండి. పంచిపెట్టడానికి పనికొస్తాయి. పిల్లల్ని తీసుకెళ్లే స్కౌట్ మాస్టర్లు, గైడ్ కెప్టెన్లు ఆఖరి రోజు మధ్యాహ్నం షాపింగ్ పెట్టకండి. ఆ పూట పిల్లల్ని డేరా డేరాకూ తిరగనివ్వండి. తిరిగొచ్చాక ఎయిర్‌పోర్టులో ఎదురెళ్లిన నాన్నలు, ప్రయాణమెలా జరిగిందని అడగకముందే, ఎవరెవరు స్నేహితులయ్యారో ఆ పేర్లు చెప్పమని అడగండి. ఇంటికొచ్చేదాకా దారి పొడవునా చెబుతూనే ఉంటారు.